అరువు తెచ్చుకున్న ఆకలి

ఆది జాకెట్టు లేకుండా వచ్చే ఆడవాళ్ళ మీద నాకు పెద్దగా కోపం లేదు. టేపు తీసి కొలుచుకుంటాను, అంతే. పదేళ్ళ కిందటి జాకెట్టు ఆదికి తెచ్చి, "ఇదే కొలతండి, వెంట్రుకవాసి తేడా రాకూడదు" అనేవాళ్ళంటేనే ఒళ్ళు మంట. ఆ జాకెట్టు వాళ్ళకి పట్టడం ఎప్పుడో మానేసింది. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా అలాగే కుట్టించుకుంటారు, తీరా చంకల దగ్గర పట్టేసిందని నా మీద విరుచుకుపడతారు. అందుకే నేను ఎవరికి కుట్టినా లోపల కాస్త గుడ్డ వదిలి, వరసగా మూడు కుట్లు వేస్తాను. ఒళ్ళొచ్చిన కొద్దీ ఒక్కో కుట్టూ విప్పుకోవచ్చు. కాకినాడలో సత్యవేణి టైలరింగ్ అంటే ఆ మడత గుడ్డకే పేరు.

ఆ సత్యవేణిని నేనే. నా సొంత జాకెట్లకి మూడు కుట్లూ ఎప్పుడో విప్పేశాను. పక్కల్లో వేరే గుడ్డ అతుకేసుకునే దాకా వచ్చింది. మా తోడికోడలు హైమవతి జాకెట్లకి మాత్రం కుట్లు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఆమె మా మరిదిని చేసుకుని ఈ ఇంటికొచ్చి పద్దెనిమిదేళ్ళయింది. వాళ్ళు మేడ మీద, మేము కింద, వంట మాత్రం ఒక్కటే. నేను కొట్టు చూసుకోవాలి, హైమ ఇల్లు చూసుకోవాలి అని మా అత్తగారు పంచి పెట్టారు. ఆవిడ పోయినా ఆ పంపకం అలాగే నడుస్తోంది.

"నాకు గాలి పీల్చినా ఒళ్ళొచ్చేస్తుంది. దీనికి రోజూ పెళ్ళి భోజనం పెట్టినా ఒంటికి పట్టదు. అదృష్టం అంటే దీనిదే" అని కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పేదాన్ని. హైమ నవ్వి ఊరుకునేది. పైకి వేళాకోళంగానే అన్నా, లోపల నాకు కుళ్ళుగానే ఉండేది.

కుళ్ళుకి కారణం లేకపోలేదు. మోకాళ్ళు అరిగిపోయాయి. మిషను మోటారుదే, కాళ్ళతో తొక్కక్కర్లేదు. కానీ గుడ్డ కత్తిరించాలంటే బల్ల దగ్గర నిలబడాలి కదా. ఎముకల డాక్టరు ఆపరేషన్ చేస్తానన్నాడు, ముందు బరువు తగ్గి, షుగరు అదుపులోకి తెచ్చుకుని రమ్మన్నాడు. నేను శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. రాత్రిళ్ళు అన్నం మానేశాను. నాలుగు కిలోలు తగ్గి ఆరు పెరిగేదాన్ని. ఇలాగే ఇంకో ఏడాది గడిస్తే కొట్టుకి తాళం వెయ్యక తప్పదు. ఆ కొట్టు నా ప్రాణం.

అలాంటి రోజుల్లో ముబీనా గారు రెండు పంజాబీ డ్రస్సులు కుట్టించుకోవడానికి వచ్చారు. డాక్టరే, కానీ మందులిచ్చే డాక్టరు కాదు. ఊరి బయట సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన పరిశోధనశాలలో ఆకలి మీద పరిశోధన చేస్తారట. చిన్న వయసు, నెమ్మదైన మాట. నేను టేపు పట్టుకుని కొలతలు చెబుతుంటే, హుక్కులు వెయ్యడానికి వచ్చిన హైమ రాసుకుంటోంది. ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు.

"మీరిద్దరూ అక్కచెల్లెళ్ళా?"

"తోడికోడళ్ళమండి" అన్నాను.

"పద్దెనిమిదేళ్ళుగా ఒకే వంటా?"

"ఒకే పొయ్యి, ఒకే ఉప్పు. నేనిలా, అదిలా. దేవుడి పక్షపాతం."

ఆవిడ నవ్వలేదు. ఆలోచనలో పడ్డారు. డ్రస్సులు తీసుకోవడానికి వచ్చిన రోజున అసలు విషయం కదిపారు. మెదడు అడుగున చింతగింజంత చోటు ఒకటుంటుందట. ఎప్పుడు ఆకలెయ్యాలి, ఎంత తింటే చాలనిపించాలి, తిన్నదాన్లో ఎంత ఖర్చు పెట్టాలి, ఎంత దాచాలి అన్నీ అదే చూసుకుంటుందట. మనం కడుపు మాడ్చుకుని తగ్గినా, అది తన దగ్గరున్న పాత కొలతకే మళ్ళీ లాక్కొచ్చేస్తుందట.

"అంటే ఒంట్లో ఒక ఆది జాకెట్టుందన్నమాట" అన్నాను.

ముబీనా గారు చేతిలో సంచీ బల్ల మీద పెట్టేశారు. "సరిగ్గా అదేనండి. మేము దానికి నోరు తిరగని పేరు పెట్టుకున్నాం."

"పుట్టుకతో వచ్చేదేనా?"

"కొంత పుట్టుకతో వస్తుంది. మిగతాది రోజూ మనం చేసే పనులే కుడతాయి. ఏ వేళకి తింటాం, ఎంతసేపు కదలకుండా కూర్చుంటాం, ఎంత నిద్రపోతాం. ఒక్క రోజుతో ఏమీ కాదు. ఏళ్ళ తరబడి అదే పని చేస్తే అదే కొలతగా స్థిరపడిపోతుంది. అందుకే రక్తసంబంధం లేకుండా ఒకే ఇంట్లో తినేవాళ్ళ కోసం వెతుకుతున్నాం. ఒకరి ఆదిని చదివి ఇంకొకరికి అమర్చాలని."

నేను కత్తెర కింద పెట్టి హైమ వంక చూశాను. హైమ నా వంక చూసింది.

"అక్కయ్యకి మోకాళ్ళ నొప్పి తగ్గుద్దంటే నాది తీసుకోండి" అంది. గరిటెడు కూర వడ్డించినంత తేలిగ్గా అనేసింది.

*

పరిశోధనశాల వాళ్ళు మా కోసం డ్రైవరు లేని ఆటో పంపించారు. అందులో ఎక్కడం హైమకి అదే మొదటిసారి. ఖాళీ సీటు వంక చూసి, "నెమ్మదిగా పోనీ బాబూ" అని చెప్పింది. ఆటో దాని వేగంతో అది పోయింది.

ముబీనా గారు ముందు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి అలవాట్లు అడిగారు. నా సంగతి నేను చెప్పాను. పొద్దున్న పనుల హడావిడిలో టిఫిను ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. కొట్టు తీసింది మొదలు వచ్చిన ప్రతివాళ్ళతో టీ, పక్కన రెండు రస్కులు. క్యారేజీ పంపిస్తామన్నా వద్దంటాను, వేడన్నం అయితేనే నాకు తిన్నట్టుంటుంది. బేరాలన్నీ తెమిలి ఇంటికెళ్ళేసరికి మూడు. అప్పుడు మూడుసార్లు వడ్డించుకుని తిని, మళ్ళీ వచ్చి మిషను ముందు కూలబడతాను. సాయంత్రం పకోడీ. రాత్రి పిల్లల కంచాల్లో మిగిలింది పారెయ్యలేక అదీ నేనే. ఇప్పుడు పిల్లలు హాస్టళ్ళలో ఉన్నారు, అయినా వాళ్ళ వంతు తినడం నేను మానలేదు.

ఆవిడ అన్నీ విని హైమ వైపు తిరిగారు. "మీరు మధ్యాహ్నం వేళకి తింటారా?"

"దానికేం లోటండి, వంటిల్లు దాని చేతిలోనే ఉంటే" అన్నాను నేను. "వేళకే తింటుంది. మళ్ళీ నేను మూడింటికి వెళ్ళాక, నాకు తోడుగా కూర్చుని ఓ రెండు ముద్దలు కతుకుతుంది. మర్యాద కోసం."

హైమ తల వంచుకుని పమిట కొంగు సర్దుకుంది. పెద్దదాన్ని నేను మాట్లాడుతుంటే మధ్యలో మాట కలపడం దానికి అలవాటు లేదు. ముబీనా గారు రాసుకున్నారు.

ఆ తర్వాత ఒక నెల పాటు హైమ మెడ వెనక సన్నటి పట్టీ కట్టుకుని తిరిగింది. వండేటప్పుడు, ఉతికేటప్పుడు, నిద్రపోయేటప్పుడు కూడా. దాని ఆకలి, దాని తృప్తి, రోజంతా దాని ఒళ్ళు నడిచే తీరు అంతా అందులోకి ఎక్కింది. పన్నెండింటికి ఆకలి బాగా లేచి రెండు దాటేసరికి పూర్తిగా పడిపోతోందనీ, వేళకి తినే మనిషికి ఉండాల్సిన తీరు అదేననీ ముబీనా గారు సంతోషించారు. నేను చెప్పిన మాట ఆవిడ చెవిలో ఉంది మరి. అదంతా టిచ్ బటనంత బిళ్ళలోకి ఎక్కించి, నా జుట్టు కింద చర్మంలో అమర్చారు. కుట్టు కూడా పడలేదు. సూది పని చేసేదాన్ని, మెచ్చుకోకుండా ఉండలేకపోయాను.

*

మొదటి రోజే తేడా తెలిసింది. ఇంటికెళ్ళి మూడింటికి కంచం ముందు కూర్చున్నాను. గుత్తివంకాయ కూర. రెండు ముద్దలు తిన్నాక చాలనిపించింది. ఎవరో వచ్చి పొయ్యి కట్టేసినట్టుంది. నా జన్మలో గుత్తివంకాయ కూర దగ్గర చాలనిపించడం అదే మొదలు. చేయి కడుక్కుని లేచాను. హైమ కూడా లేచింది.

టీ వెగటైంది. రస్కుల డబ్బాలో చీమలు చేరాయి. నెల తిరిగేసరికి జాకెట్లు వదులైతే కుట్లు వేసుకున్నాను. ఇన్నేళ్ళుగా విప్పడమే తప్ప వెయ్యడం ఎరగని నా సొంత పక్కకుట్లని నేనే లోపలికి వేసుకుంటుంటే ఆనందంతో చేతులు ఆగలేదు. మేడ మెట్లు ఎక్కి వెళ్ళి ఆరేసిన బట్టలు తెచ్చాను. హైమ గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టింది. మా ఆయన వీర్రాజు అయితే, "ఏంటే, మనిషివి సగమైపోయావు, మిగతా సగం ఎక్కడ పెట్టావు" అన్నాడు. కొట్టుకొచ్చిన వాళ్ళు జాకెట్టు సంగతి వదిలేసి నా నడుము సంగతి అడిగేవారు. ఎముకల డాక్టరు కాగితం చూసి, ఇంకో రెండు నెలలు ఇలాగే ఉంటే ఆపరేషన్‌కి తారీకు ఇస్తానన్నాడు. నేను ముబీనా గారికీ హైమకీ మనసులో ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నానో నాకే తెలియదు.

కానీ ఇంకో సంగతి ఉంది, అది నేనెవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం పన్నెండవుతుందనగా ఆకలి మొదలయ్యేది. నాకు తెలిసిన ఆకలి కాదది. నాకు ఆకలి అంటే నోట్లో నీరూరడం, టీకి కేకెయ్యడం. ఇది పొట్టని లోపలినుంచి పిండేసేది. చేతులు వణికి సూదిలోకి దారం ఎక్కేది కాదు. ఎదుట రస్కులున్నా చెయ్యి వాటి మీదికి పోయేది కాదు. ఇప్పుడు కాదు, ఇంకా కాదు అని లోపలినుంచి ఎవరో ఆపుతున్నట్టుండేది. ఒంటిగంట దాకా అలా పీకి పీకి, రెండయ్యేసరికి ఉన్నట్టుండి చచ్చిపోయేది. అప్పుడు చలి. మండుటెండలో నా వేళ్ళు చల్లగా ఉండేవి. మూడింటికి అన్నం చూస్తే వికారం. కూర్చున్న చోటునుంచి లేస్తే కళ్ళు బైర్లు. దువ్వెన నిండా జుట్టు.

చెబితే బిళ్ళ తీసేస్తారు. తీసేస్తే మళ్ళీ ఆ మోకాళ్ళు, ఆ ఒళ్ళు. కొట్టు ఉండదు. అందుకే ముబీనా గారు ఫోన్ చేసినప్పుడల్లా, "భేషుగ్గా ఉన్నానండి" అనేదాన్ని. ఒళ్ళు తగ్గేటప్పుడు ఈ మాత్రం ఉండదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. హైమ ఈ ఆదితోనే కదా ఇన్నేళ్ళూ హాయిగా ఉందీ అనుకున్నాను. ఆ మాట అనుకున్నప్పుడైనా నాకు తట్టి ఉండాల్సింది.

అదే రోజుల్లో హైమ తన జాకెట్టొకటి తెచ్చి, "కాస్త వదులైందండి అక్కయ్యా, బిగించి పెడతారా" అంది. దాని జాకెట్టు బిగించడం పద్దెనిమిదేళ్ళలో అదే మొదలు. "ఇంకా ఎక్కడికి తగ్గుతావే, నాతో పోటీయా" అని నవ్వుతూనే కుట్టేసి ఇచ్చాను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. చూశాను గానీ పట్టించుకోలేదు.

*

ఒకనాడు మోటారు కాలిపోయి మిషను ఆగిపోయింది. బాగుచేసేవాడు సాయంత్రం వస్తానన్నాడు. కొట్టు మూసి పన్నెండున్నరకే ఇంటికొచ్చేశాను. దారి పొడుగునా పొట్టలో ఆ పిండుడే. ఆకలి మంచి పట్టు మీదుంది.

వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి హైమ కనిపించింది. వంటంతా అయిపోయి, గిన్నెల మీద మూతలు పెట్టి ఉన్నాయి. అది గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని, రెండు పిడికిళ్ళూ పొట్టలో గట్టిగా అదుముకుని, కళ్ళు మూసుకుని ఉంది. నేను కూడా ఒక చేత్తో గుమ్మం పట్టుకుని, పొట్టలో సరిగ్గా అదే చోట, సరిగ్గా అలాగే అదుముకుని నిలబడి ఉన్నాను.

"ఏమే హైమా" అన్నాను.

ఉలిక్కిపడి లేచింది. "అక్కయ్యా, ఇంత పెందలాడే వచ్చేశారేంటండి? వడ్డించెయ్యనా?"

"నీకు ఆకలేస్తోందా?"

"అబ్బే లేదండి."

"అబద్ధం చెప్పకు. నీ ఆకలి నాకు తెలుసు. అది నా ఒంట్లోనే ఉంది."

హైమ మొహం తిప్పుకుని బిందెలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచింది. తను తాగి ఇంకో గ్లాసు నాకిచ్చింది. "మంచినీళ్ళు తాగితే కాసేపు ఆగుద్దండి. రెండు దాటితే అదే చచ్చిపోద్ది."

నేను గ్లాసు కింద పెట్టేశాను. "మరి పన్నెండింటికి తినవా నువ్వు?"

"మీరు రాకుండా ఎలా తింటానండి?"

"నీకు మతిపోయిందా? వండింది నువ్వు. మగవాళ్ళకి ఒంటిగంటకి పెట్టేది నువ్వు. నువ్వెందుకు తినవు?"

"నేను కొత్తగా వచ్చినప్పుడు అత్తయ్యగారు చెప్పారు కదండీ. పెద్దకోడలు ఎండనపడి కష్టపడి వస్తది, అది తినకుండా నువ్వు ముద్ద ముట్టకు అని. మీరు కొట్టుకాడ ఆకలితో ఉంటే నేనిక్కడ తినడం బాగుంటదా? తర్వాత అలవాటైపోయింది." ఏదో తప్పు చేసినదానిలా అంది, "మూడింటికి కూర్చుంటే మాత్రం దిగదండి. రెండు ముద్దలకే నిండిపోద్ది. రాత్రికీ అంతేనండి."

నేను కొట్టు దగ్గర ఆకలితో ఉన్నానట. రస్కులు నంజుకుంటూ టీలు తాగుతూ ఉన్న నన్ను తల్చుకుని, అది పద్దెనిమిదేళ్ళుగా మంచినీళ్ళతో ఆకలి చంపుకుంది. నేనేమో దాన్ని చూసి అదృష్టవంతురాలని ఊరంతా చెప్పుకు తిరిగాను. కిందటేడు బిందె ఎత్తబోతే దాని మణికట్టు పుటుక్కున విరిగింది. "ఒంట్లో కండ లేకపోతే అంతే మరి" అని అప్పుడు కూడా నవ్వాను.

అక్కడే నేల మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను. హైమ కంగారుపడి నా వీపు నిమురుతోంది, మోకాళ్ళ నొప్పేమో అనుకుని.

తర్వాత కంచాలు పెట్టించాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. పన్నెండున్నరకి తింటోంది కదా, బాగా తింటుందని నా ఆశ. రెండు ముద్దలయ్యేసరికి బిళ్ళ తన పని తాను చేసింది. నాకు ఇంక దిగలేదు, చెయ్యి ఆగిపోయింది. అప్పుడు హైమ వంక చూశాను. దాని చెయ్యి కూడా ఆగిపోయింది.

"నువ్వు తినవే."

"మీరు లేస్తున్నారు కదండీ."

పెద్దవాళ్ళు లేచాక కంచం ముందు కూర్చోకూడదు. అదీ మా అత్తగారి మాటే. ఇదివరకు నేను మూడుసార్లు వడ్డించుకునేలోపు, ఆకలి చచ్చినా సరే, నాలుగు ముద్దలైనా లోపలికి పోయేవి. ఈ రెండు నెలలుగా నేను రెండు ముద్దలకి లేస్తుంటే, అదీ రెండు ముద్దలకే లేస్తోంది. నేను బిగించి ఇచ్చిన జాకెట్టు గుర్తొచ్చింది. కుట్లు వేసుకుంటూ నేను సంబరపడ్డ రోజులన్నీ గుర్తొచ్చాయి.

*

మర్నాడు పొద్దున్నే ఇద్దరం పరిశోధనశాలకి వెళ్ళాం. నేను దాచినవన్నీ ముబీనా గారికి చెప్పాను. ఆవిడ వెంటనే హైమని తీసుకెళ్ళి ఎముకలు, రక్తం, గుండె అన్నీ చూశారు. తిరిగొచ్చేసరికి ఆవిడ మొహం మారిపోయి ఉంది.

"హైమ గారి ఒళ్ళు చాలా ఏళ్ళుగా కరువులో బతుకుతోంది" అన్నారు. "వచ్చేది తక్కువని తెలుసుకుని అన్నిటి దగ్గరా పొదుపు చేస్తూ వచ్చింది. ఎముకలు డెబ్భై ఏళ్ళ మనిషివిలా ఉన్నాయి. సత్యవేణి గారూ, మీ ఒళ్ళు కూడా ఏమీ విచిత్రం చెయ్యలేదు. పొద్దుటినుంచి ముద్ద పెట్టక, తీపి టీలు పోసి, కూర్చోబెట్టి, మూడింటికి ఒక్కసారి నింపితే, దొరికినప్పుడు దాచుకోవడం నేర్చుకుంది. భోజనం వేళ తప్పింది మీ ఇద్దరికీ ఒకేలాగ. ఒకరికి అలా కుట్టుకుంది, ఒకరికి ఇలా." చేతిలో కాగితాలు మూసి, "సన్నగా ఉన్నారు కాబట్టి ఆరోగ్యంగా ఉన్నారనుకున్నాను. ఆవిణ్ణి అడగాల్సింది, మిమ్మల్ని అడిగి ఊరుకున్నాను. తప్పు నాది" అన్నారు.

"సగం నాది కూడానండి. దాని నోటిమాట నేనే చెప్పేశాను."

ఇప్పుడేం చెయ్యాలని అడిగాను. హైమకి మందులు ఇప్పిస్తామన్నారు, కానీ ముఖ్యమైన మందు వేళకి అన్నమేనన్నారు. బిళ్ళ సంగతి నా ఇష్టానికి వదిలేశారు. జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉంటే, ఆపరేషన్ దాకా ఇంకో రెండు నెలలు నెట్టుకురావచ్చట.

"ఉంచేసుకోండి అక్కయ్యా" అంది హైమ వెంటనే. "ఇన్నాళ్ళున్నదాన్ని రెండు నెలలు ఉండలేనా? నేను విడిగా తినేస్తాలెండి."

"తింటావా? నేను లేచాక కూర్చుని తింటావా? నా మీద ఒట్టేసి చెప్పు."

హైమ ఒట్టు వెయ్యలేదు. ఒట్టేసి తప్పే మనిషి కాదు, అందుకే వెయ్యలేదు.

నా మోకాళ్ళ వంక చూసుకున్నాను. మేడ మెట్లు, కత్తిరింపు బల్ల, డాక్టరు ఇస్తానన్న తారీకు అన్నీ కళ్ళ ముందు ఆడాయి. వదులుకోవాలంటే ప్రాణం గిలగిల్లాడింది. కానీ ఈ బిళ్ళ నా తలలో ఉన్నంతకాలం, మా ఇంట్లో రెండు కంచాల దగ్గర ఇద్దరం రెండేసి ముద్దలకే లేచిపోతాం. నేను జుట్టు ముడి విప్పి, మెడ వంచి కూర్చున్నాను.

"తీసెయ్యండి ముబీనా గారూ. నా ఆకలి నాకిచ్చెయ్యండి. అది తినాలంటే ముందు నేను తినాలి."

*

నా పాత ఆకలి వారం తిరిగేసరికి వచ్చింది. నోట్లో నీళ్ళూరాయి. గుత్తివంకాయ మళ్ళీ గుత్తివంకాయ అయింది. తిరిగొచ్చిన పుట్టింటి మనిషిని చూసినంత సంతోషమేసింది, భయమూ వేసింది.

కొట్టుకి బోర్డు పెట్టాను. పన్నెండు నుంచి రెండు దాకా మూసి ఉంటుంది. మొదట్లో జనం నానా మాటలూ అన్నారు. "మీకింత గీరేంటండి" అని ఒకావిడ వేరే టైలరు దగ్గరికి పోయింది. చంకలు పట్టేసిన జాకెట్టుతో మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

రోజూ పన్నెండున్నరకి హైమా నేనూ కూర్చుంటాం. మగవాళ్ళు వస్తే మాతోపాటు తింటారు, లేకపోతే వచ్చాక వాళ్ళే వడ్డించుకుంటారు. మొదటి రోజు మా మరిది గరిటె ఎక్కడుందో తెలియక నిలబడిపోయాడు. నేను లేస్తే హైమ లేచిపోతుంది కాబట్టి, లేవకుండా నెమ్మదిగా తినడం నేర్చుకున్నాను. ఒక్కో ముద్దా నములుతూ, ఊళ్ళో కబుర్లన్నీ చెబుతూ, దాని కంచం ఖాళీ అయ్యేదాకా సాగదీసేదాన్ని. దాన్ని తినిపించడానికి వేసిన ఎత్తు అది. అంత నెమ్మదిగా తింటే రెండోసారి వడ్డించుకోక ముందే నాకూ కడుపు నిండేది. వేళకి తిన్నాక టీల మీద మనసు పోయేది కాదు. సాయంత్రం ఇద్దరం వీధి చివరిదాకా నడిచేవాళ్ళం. ముందు నేను దాని చెయ్యి పట్టుకుని నడిచాను, తర్వాత అది నా చెయ్యి వదలలేదు.

బిళ్ళ తీశాక, తగ్గిన ఒళ్ళు మళ్ళీ పెరుగుతూ వచ్చి ఒక చోట ఆగింది. తర్వాత చాలా నెమ్మదిగా దిగడం మొదలైంది. ఏడాది తర్వాత ముబీనా గారు నా మెడ వెనక పట్టీ కట్టి చూశారు. "మీ ఆది జరిగిందండి" అన్నారు. "కొంచెమే, కానీ మీ అంతట మీరు జరిపారు." బిళ్ళ దింపినంత బరువు దిగలేదు, అందులో సగమే. ఎముకల డాక్టరు మాత్రం షుగరు కూడా అదుపులోకి వచ్చిందని ఒక మోకాలికి తారీకిచ్చాడు. రెండోదానికి తొందర లేదన్నాడు.

ఆ బిళ్ళని నేను ముబీనా గారినడిగి తెచ్చుకుని, దేవుడి అలమరలో పసుపు భరిణె పక్కన పెట్టుకున్నాను. నన్ను సన్నబరిచినందుకు కాదు. రెండు నెలల పాటు హైమ ఆకలి నాకు ఆకలైనందుకు. లేకపోతే చచ్చేదాకా దాన్ని అదృష్టవంతురాలనే అనుకుందును. నా కోసం ఒక మనిషి రోజూ ఆకలితో ఎదురుచూసింది. అంతకంటే పెద్ద సంగతి నా జీవితంలో ఇంకోటి లేదు. దానికి రోజూ చెబుతూనే ఉన్నాను, ఎదురుచూసినందుకు దణ్ణమే తల్లీ, ఇంక చూడకు అని.

మొన్న పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చింది. హైమ తన ఉప్పాడ చీర మీది ఆకుపచ్చ జాకెట్టు పట్టుకుని కొట్టుకొచ్చింది. అది దాని మొదటి పండక్కి నేను కుట్టింది. ఏడెనిమిదిసార్లు ఉతికి, ఎండలో ఆరి, రంగు కాస్త వెలిసింది. ఏదో తప్పు చేసినదానిలా గుమ్మంలోనే నిలబడింది.

"ఏమనుకోకండి అక్కయ్యా. ఇది పట్టడం లేదండి. చంకల దగ్గర బిగిసిపోయింది."

నేను మిషను ఆపేశాను. జాకెట్టు తిరగేసి పక్కకుట్టు చూశాను. నేను వేసిన మూడు కుట్లూ, వేసినవి వేసినట్టే, వరసగా ఉన్నాయి. కుట్లు విప్పే సూది తీసుకుని మొదటి కుట్టు ఒక్కో పోగూ తెంపుకుంటూ వచ్చాను. నా చేత్తో కొన్ని వేల కుట్లు విప్పి ఉంటాను. ఇంత నెమ్మదిగా విప్పింది మాత్రం దీన్నే. కుట్టు వీడి, లోపల మడిచిన గుడ్డ వేలి వెడల్పున బయటికొచ్చింది. అన్నేళ్ళూ ఎండా సబ్బూ తగలని ఆ గుడ్డ, దుకాణంలో కొన్న రోజున ఎలా ఉందో అలాగే చిక్కటి ఆకుపచ్చగా ఉంది.

హైమ తెర వెనక్కి వెళ్ళి తొడుక్కుని వచ్చింది. చేతులు పైకెత్తి చూసుకుంది.

"సరిపోయిందక్కయ్యా. కానీ పక్కన రంగు తేడా తెలుస్తోందండి. బాగోదేమో, పమిటతో కప్పేసుకుంటాను."

"కప్పకు, కనబడనీ" అన్నాను. "లోపల ఇంకా రెండు కుట్లున్నాయి. పన్నెండవుతోంది, పద, అన్నం తిందాం."